బాణానికి పొన్ను

చేతికర్ర కొస చీలిపోకుండా తొడిగే లోహపు కట్టును పొన్ను అంటారు. చేతికర్రలు చేసే కార్ఖానాలో అత్తయ్య నలభై ఏళ్ళపాటు చేసింది ఆ పొన్నులు కోసి తొడిగే పనే. అక్కడ ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు, అందరికీ పొన్నుల పెద్దమ్మే. రేకు కొట్టే యంత్రాల పక్కన అన్నేళ్ళు నిలబడితే చెవులు ఏమవుతాయో చెప్పక్కర్లేదు కదా! ఇంటిల్లిపాదీ మాత్రం ఆమె ఎవరి మాటా చెవిన పెట్టడం లేదని విసుక్కున్నారే గానీ, మాట అసలు చెవిలోకే పోవడం లేదని చాలాకాలం ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు ఎదురుగా నిలబడి నిదానంగా మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకుంటుంది.

కోడలిది పాత పద్ధతి విలువిద్య. గురి చూపే హంగులేవీ లేని ఉత్తి కర్ర విల్లు. బాణం ఆనేది విల్లు పట్టుకున్న పిడికిలి మీదే. ఆమె వాడే కార్బన్ బాణాలు తేలికే, గట్టివే. కానీ కొసనున్న ములుకు వెళ్ళి రాతికి కొట్టుకుంటే దాని వెనకే కంటికి ఆనని పగులు పడుతుంది. మళ్ళీ ఎక్కుపెట్టి వదిలినప్పుడు ఆ పగులు విచ్చుకుంటుంది. నిరుడు అలాగే ఒక బాణం చీలి, కోడలి ఎడమచేతి బొటనవేలి మొదట్లో దిగబడింది. గాయం మానింది. విల్లు పట్టుకుంటే చాలు, చెయ్యి మాత్రం వణికేది. పదకొండు నెలలుగా ఆమె ఒక్క బాణం వెయ్యలేదు. ఇక వెయ్యగలనన్న ఆశ కూడా సన్నగిల్లింది.

ఒకరోజు పొద్దున్నే అత్తయ్య వంటింటి బల్ల ఖాళీ చేసింది.

"నీ బాణాలు పట్రా అమ్మాయ్. ముందు కొసలకి పొన్నులు తొడుగుదాం."

వంకరపోయిన పాత అల్యూమినియం బాణం ఒకటి తీసి, బొటనవేలంత పొడవున, ఆరు బాణాలకూ ఆరు ముక్కలు కోసింది. సన్న రంపం కింద గొట్టాన్ని మెల్లగా దొర్లిస్తూ కోసింది. అంచులు అరగదీసింది. కోడలు ఊరుకోలేక ఆరు ముక్కలనీ ఒక్కొక్కటే చిన్న కాటాలో వేసి చూసింది. ఆరింటికీ ఒకటే అంకె. కొలబద్ద ముట్టుకోకుండా కోసిన ముక్కలవి! ఆమె నోరు వెళ్ళబెట్టింది.

"జిగురు కలపనా అత్తయ్యా?"

"అప్పుడేనా? పొన్ను తొడిగాక లోపల పగులున్నా కనపడదు. ముందు బాణాలు చూడనీ."

కోడలు అప్పటికే ఆరింటినీ మెలితిప్పి, వంచి, దూది చుట్టి లాగి చూసుకుంది. ఎక్కడా పోగు తగులుకోలేదు. అత్తయ్య అవేవీ చెయ్యలేదు. వింటినారికి తగిలించే ప్లాస్టిక్ గాడిని పళ్ళ మధ్య బిగించి, కళ్ళు మూసుకుని, రెండో కొసను గోటితో తట్టింది.

"చెరుకుగడ అనుకుంటున్నారేమో మా అత్తయ్య," అని కోడలు నవ్వుకుంది. కళ్ళు మూసుకున్న మనిషికి ఆ వెటకారం ఎలాగూ అందదు.

అయిదు బాణాలు కుడివైపు చేరాయి. ఆరోది ఎడమవైపు పడింది.

"అదా? అన్నిట్లోకీ సూటిగా పోయేది అదే!"

"ఇది పనికిరాదు."

"ఎలాగూ పొన్ను తొడుగుతున్నాంగా అత్తయ్యా!"

అత్తయ్య బాణానికి మందపాటి గోనెగుడ్డ చుట్టి, బల్ల అంచుకు ఆనించి వంచింది. ఫట్టుమంది. గుడ్డ విప్పితే ములుకు వెనక జానెడు మేర నిలువునా చీలి, సూదుల్లాంటి పోగులు పైకి లేచి ఉన్నాయి. కోడలు చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. తన కళ్ళకీ చెవులకీ వేళ్ళకీ చిక్కనిది, ఈ చెవిటి మనిషి పళ్ళతో పట్టేసింది. ఎదురుగా ఉన్నది రోజూ తనతో కూర గురించి తగువుపడే అత్తయ్యేనా అనిపించింది.

"మీకెలా తెలిసింది?"

"మంచి బాణమైతే తట్టిన అదురు పుర్రెదాకా వస్తుంది. దీంట్లో మధ్యలోనే ఆగిపోయింది."

ఆ పోగులు చూస్తుంటే కోడలికి గుర్తొచ్చింది. నిరుడు బాణాలు చూసిపెట్టింది కూడా ఈమే.

"మరి నిరుడు? చెవి దగ్గర వంచి చూసి, చప్పుడు లేదు, బాగుందన్నారు కదా."

అత్తయ్య గోనెగుడ్డ మడిచి పక్కన పెట్టింది.

"నాకే చప్పుడూ వినపడలేదమ్మాయ్. అందుకే బాగుందన్నాను."

"చెవులు పోయాయని మీకు తెలుసా అప్పటికే?"

"తెలుసు. ఒప్పుకోలేకపోయాను."

కోడలు బయటికి వెళ్ళిపోయింది. కోపంతో ఒళ్ళు మండిపోయింది. ఆ పూట ఇంట్లో ఎవరూ సరిగ్గా భోంచెయ్యలేదు. అత్తయ్య ఒక్కతే కూర్చుని అయిదు బాణాలకూ జిగురు రాసి, పొన్నులు తిప్పుతూ తొడిగి, నిలబెట్టింది.

మర్నాడు సాయంత్రం కోడలు విల్లు తీసుకుని పెరట్లోకి వచ్చింది. చెయ్యి వణుకుతూనే ఉంది. మొదటి బాణం గడ్డిమోపును తప్పి రాతిగోడకు ఖణేల్మని తగిలింది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి చెయ్యి చెయ్యిలాగే ఉంది.

నడిచి వెళ్ళి బాణం తీసింది. పొన్ను మీద గీత పడింది. లోపల ఏమైందో పైకి తెలియదు. ఆమె దాన్ని వంచలేదు, దూది కోసం వెతకలేదు. తిన్నగా వచ్చి గుమ్మంలో కూర్చున్న అత్తయ్య ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కనపడేలా నిదానంగా అంది.

"దీన్నే మళ్ళీ వెయ్యాలి. ఇది బాగుందో లేదో మీరే చూసి చెప్పండి."