చూడాల్సిన చోటల్లా నిద్ర

అమ్మమ్మకి ఉన్నది ఒకటే జబ్బు. చూడాల్సింది ఎదురుగా కనబడగానే ఆవిడకి నిద్ర ముంచుకొచ్చేది.

మామూలుగా అయితే ఆవిడంత మెలకువ గల మనిషి ఆ వీధిలోనే లేదు. పాలవాడు నీళ్ళు కలుపుదామా అని ఆలోచిస్తుండగానే వాడి మొహం చూసి కనిపెట్టేసేది. పక్కింటి పిల్లి ఇంకా గోడ మీద ఉండగానే వంటింట్లోంచి "ఛీ, పో!" అనేది. ఎండాకాలం సెలవుల్లో ఊళ్ళు చూద్దాం అంటే చాలు, అందరికంటే ముందు తయారై, కళ్ళద్దాలు తుడుచుకుని, శాలువా మడతపెట్టుకుని, వ్యానులో కిటికీ పక్క సీటు పట్టేసేది. దారి పొడుగునా రెప్ప వేసేది కాదు. "ఆ గొర్రెని చూడవే, అచ్చం మీ నాన్నలాగే నడుస్తోంది" అని మనవరాలి చెవిలో ఊదేది. తీరా జలపాతం వచ్చి, అందరూ చెప్పులు వెతుక్కుని దిగబోతుంటే, కిటికీకి తల ఆనించి గుర్రుమనేది.

ఆ మనవరాలు పిడుగు. బళ్ళో వేరే పేరుంది గానీ, ఆ పేరుతో పిలిచేది టీచర్లు మాత్రమే, అదీ గోడకుర్చీ వేయించడానికి.

అమ్మమ్మ గురక సామాన్యమైంది కాదు. మొదట గిన్నెలో గరిటె తిప్పినట్టు మొదలయ్యేది. తర్వాత బల్లని గచ్చు మీద ఈడ్చినట్టు సాగేది. చివర్లో చిన్న ఈల. తిరుగుదారిలో కూడా కొంతసేపు మిగిలిన గురక సాగుతూనే ఉండేది. వ్యాను నడిపే పిడుగు నాన్నకి ఆ మోత ఎంత అలవాటైందంటే, తిరిగొచ్చేటప్పుడు అది వినబడకపోతే ఇంజన్లో ఏదో ఊడిందనుకుని బండి ఆపేవాడు.

చిత్రమేమిటంటే, ఇంట్లో రోజూ అమ్మమ్మ పక్కనే పడుకునే పిడుగుకి ఆ గురక ఎప్పుడూ వినబడలేదు. ఇంట్లో ఆవిడ దూదిలా నిద్రపోయేది. ఊపిరి ఉందో లేదో అని పిడుగు అప్పుడప్పుడూ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. "ఉన్నాను, పడుకో" అనేది అమ్మమ్మ.

అమ్మమ్మకి నిద్ర పిచ్చి అయితే నాన్నకి ఎత్తుల పిచ్చి. ఏ ఊళ్ళో దిగినా ముందు తలెత్తి, ఎక్కడానికి ఏముందా అని చూసేవాడు. "కిందనుంచి చూస్తే సగమే చూసినట్టు" అనేవాడు. కొండ, కోట, బురుజు, ఏదీ లేకపోతే నీళ్ళ ట్యాంకు. ఆయన వెనకాల అందరూ రొప్పుతూ ఎక్కాల్సిందే.

మరి నిద్రపోతున్న ముసలావిణ్ణి ఒంటరిగా వదిలేసి ఎలా పోతారు? ఎవరో ఒకరు తోడుండాలి. ప్రతిసారీ ఆ ఒకరు బాబాయే. సెలవులకి పిన్ని, బాబాయి, వాళ్ళ ఆరేళ్ళ చిట్టి వచ్చేవారు. బాబాయి బళ్ళో డ్రిల్లు మాస్టారు. బీరువా అంత ఛాతీ, చీపురంత మీసం, సెలవుల్లో కూడా మెడలో ఈల. ఆయన ఈల ఊదితే మైదానంలో పిల్లలే కాదు, గోడ అవతల సైకిల్ మీద వెళ్ళేవాళ్ళు కూడా నిటారుగా అయిపోయేవారు.

"మీరు వెళ్ళి రండి. నేనుంటాలే అత్తయ్య దగ్గర. నా రాత ఇంతే" అని బాబాయి పెద్ద నిట్టూర్పు విడిచేవాడు.

"పాపం, మా అమ్మ వల్ల మా ఆయన ఒక్క కొండ కూడా చూడలేదే" అని పిన్ని బాధపడేది.

"అమ్మమ్మ నిద్రపోయింది కాబట్టి సరిపోయింది. లేకపోతే మా నాన్న ఆ కొండని ఒక్క గెంతులో ఎక్కేస్తాడు!" అనేది చిట్టి. వాళ్ళ నాన్న ఎక్కలేనిది ఈ లోకంలో లేదని దాని నమ్మకం.

అందరూ చూసి తిరిగొచ్చాక అసలు తమాషా మొదలయ్యేది. అమ్మమ్మ ఆవులించి లేచి, "ఏం చూశారో చెప్పండి" అనేది. నాన్న మొదలుపెట్టేవాడు. "నీళ్ళు పై నుంచి పడుతున్నాయి అత్తయ్యా. చాలా నీళ్ళు. పైకి ఎక్కుతుంటే జారుడుగా ఉంది." అంతటితో ఆయన వర్ణన అయిపోయేది.

"నాకొచ్చిన కలలో నీళ్ళు పడటం లేదు బాబూ, పైకెక్కుతున్నాయి" అనేది అమ్మమ్మ మెల్లగా. "చిన్న చిన్న చేపలు వాటి చివర పట్టుకుని, తల్లి చెయ్యి పట్టుకున్న పిల్లల్లా కొండ మీదికి పోతున్నాయి. పైన ఎవరో ఆ నీళ్ళని మడతలు పెట్టి దాస్తున్నారు, దుప్పట్లు దాచినట్టు." పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. కోటకి వెళ్ళొచ్చినప్పుడైతే ఆవిడ కలలో రాజుగారు చెప్పుల కోసం గదులన్నీ వెతుక్కుంటూ తిరిగాడు. తీగ మీద వేలాడే పెట్టెలో లోయ దాటి వచ్చినప్పుడు, ఆవిడ కలలో ఆ పెట్టె తీగని వదిలేసి మబ్బుల్లోకి వెళ్ళిపోయింది. మబ్బులు అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టల వాసనేశాయట. నిజంగా ఎక్కొచ్చిన వాళ్ళకి తాము వేరే ఎక్కడికో వెళ్ళామేమోనని అనుమానం వచ్చేది.

ఈ ఏడు మాత్రం నాన్న పట్టుబట్టాడు. దానికి కారణం ఓ బిస్కెట్ల డబ్బా.

వంటింటి అరమీద అమ్మమ్మ బొత్తాలు దాచుకునే డబ్బా ఒకటుంది. మూత మీద సముద్రం, ఒడ్డున ఎర్రగీతల లైట్‌హౌసు. చిన్నప్పుడు ఎవరో ఇచ్చారట. రంగు పోయి, లైట్‌హౌసు సగం తుప్పులో మునిగిపోయినా ఆవిడ దాన్ని పారేయనివ్వలేదు. "అంత పై నుంచి చూస్తే సముద్రం ఎలా ఉంటుందో" అని మూత తుడిచినప్పుడల్లా అనేది. ఆవిడ నోరు తెరిచి ఏదైనా చూడాలని అడిగింది జన్మలో అదొక్కటే.

"ఈసారి లైట్‌హౌసుకే. ఏం చేసైనా సరే అత్తయ్యని మేలుకునే ఉంచాలి" అన్నాడు నాన్న.

మేలుకోబెట్టడం ఎలాగో ముందే చూసుకుందామని, దారిలో వేలాడే వంతెన దగ్గర ఆగినప్పుడు అన్ని ప్రయత్నాలూ చేశారు. నాన్న చిక్కటి కాఫీ ఇచ్చాడు. తాగింది, ఇంకోటి అడిగింది, అదీ తాగి కప్పు ఒళ్ళో పెట్టుకుని గుర్రుమంది. పిడుగు వాళ్ళ అమ్మ ఆవిడ మొహాన నీళ్ళు చల్లింది. "వానొస్తోంది, బట్టలు తీయండి" అని నిద్రలోనే అని, మళ్ళీ గుర్రుమంది. పిన్ని పాట పాడింది. దానికి నాన్నకి ఆవలింతలొచ్చాయి.

"తమ్ముడూ, నువ్వు ఈల ఊదు!" అన్నాడు నాన్న చివరికి.

బాబాయి ఈల నోట్లో పెట్టుకుని, వేడి టీని చల్లార్చినట్టు 'ఫూ' అని ఊదాడు. పిడుగు బుర్రలో ఏదో కదిలింది. ఇదేం ఈల?

అందరూ వంతెన వైపు వెళ్ళారు. పిడుగు టోపీ మర్చిపోయి వెనక్కొచ్చింది. వ్యాను దగ్గరికొచ్చేసరికి గురక లేదు. బదులుగా మాటలు.

"అత్తయ్యా, ఇది దొంగాట. ఆ రాణి మీ శాలువాలోంచి వచ్చింది."

"చలేసి దాక్కుందేమో బాబూ. మీరు ముక్క వెయ్యండి."

పిడుగు కిటికీ కింద కూలబడింది. లోపల అమ్మమ్మ, బాబాయి పేకాడుతున్నారు! ముక్కలు పడుతున్న చప్పుడు కాసేపటికి ఆగిపోయింది.

"రేపు చిట్టి నా వేలు పట్టుకునే ఎక్కుతానంటోంది. బళ్ళో అందరికీ చెప్పొచ్చిందట" అన్నాడు బాబాయి. ఆ గొంతు పిడుగు ఎప్పుడూ వినలేదు, అంత చిన్నగా ఉంది. "స్టూలెక్కి బల్బు మార్చాలంటేనే నాకు కాళ్ళు వణుకుతాయి. డ్రిల్లు మాస్టార్ని అత్తయ్యా! పిల్లదానికి తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"తెలియదు. రేపు నాకు బ్రహ్మాండంగా నిద్రొస్తుంది."

"మరి మీ డబ్బా? మీ లైట్‌హౌసు?"

"డబ్బా ఎక్కడికి పోతుంది, వంటింట్లోనే ఉంటుంది."

"నావల్ల ఇన్నేళ్ళూ మీరు ఒక్కటీ చూడలేదు."

"ఎందుకు చూడలేదు? మీ పెళ్ళయిన ఏడు కోట గోడ మీద మీ మొహం చూశాగా! సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. కొత్తల్లుడు అందరి ముందూ కూలబడతాడేమోనని గభాలున నిద్రపోయాను. అప్పట్నుంచీ అదే అలవాటైంది. ముక్క వెయ్యండి."

లెక్కల్లో ఎప్పుడూ సున్నా తెచ్చుకునే పిడుగుకి ఈ లెక్క చప్పున తేలిపోయింది. జింకల పార్కులో అమ్మమ్మ నిద్రపోలేదు. చెరువులో పడవెక్కినప్పుడూ నిద్రపోలేదు. ఎత్తుగా ఉన్న చోటే నిద్ర!

కడుపులో మాట పూటైనా ఆగని పిల్ల పిడుగు. ఆ సాయంత్రమంతా నోరు మూసుకుని కూచుంటే, అమ్మ నుదుటి మీద చెయ్యేసి జ్వరమేమోనని చూసింది.

మర్నాడు లైట్‌హౌసు దగ్గర అమ్మ ఒక రెక్కా పిన్ని ఒక రెక్కా పట్టుకుని అమ్మమ్మని వ్యాను దింపేశారు. నిద్రపోవడానికి సందే ఇవ్వలేదు. ఆవిడ తలెత్తి చూసింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

"అచ్చం..." అని ఏదో అనబోయింది.

అప్పుడే చిట్టి వాళ్ళ నాన్న వేలు పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. బాబాయి మీసం మీదుగా చెమట కారుతోంది. అమ్మమ్మ అది చూసి, గోడ పక్కనున్న రాతి అరుగు మీద మెల్లగా కూచుని, తల పక్కకి వాల్చేసింది. గిన్నెలో గరిటె తిరిగింది.

"అయ్యో అమ్మా! నీ లైట్‌హౌసేనే ఇది!" అని పిన్ని నెత్తి కొట్టుకుంది.

"గంటలో మూసేస్తాం. ఎక్కేవాళ్ళు ఎక్కండి" అన్నాడు గేటు దగ్గర కాపలాదారు.

నాన్నకి అంతకుముందు ఎన్నడూ రాని మంచి బుద్ధి ఆ క్షణాన్నే పుట్టింది. "పాపం తమ్ముడు ప్రతిసారీ కిందే ఉండిపోతున్నాడు. ఈసారి అత్తయ్య దగ్గర నేనుంటా. నువ్వెళ్ళు తమ్ముడూ, కళ్ళారా చూసిరా!"

గురక ఒక్కసారి తడబడింది. బాబాయి మొహం సున్నం కొట్టినట్టయింది. చిట్టి చప్పట్లు కొట్టింది.

"అమ్మో! కడుపు!" అని పిడుగు ఇసుకలో పడి దొర్లింది.

"మధ్యాహ్నం ఆ ఐసు వద్దన్నానా?" అంటూ అమ్మ పరిగెత్తుకొచ్చింది. "లే, నేనుంటా నీ దగ్గర."

"నువ్వొద్దు, నువ్వు తిడతావు! బాబాయే కావాలి! బళ్ళో ఎవరు పడ్డా చూసేది బాబాయే కదా!"

"అవును, మా బళ్ళో ఎవరికి నొప్పొచ్చినా మా నాన్నే బాగుచేస్తాడు!" అంది చిట్టి గర్వంగా. "నాన్నా, నువ్విక్కడే ఉండు. అక్కని బాగుచెయ్యి."

"అమ్మమ్మ గురకకి నొప్పి ఇంకా ఎక్కువవుతోంది!" అని పిడుగు గొంతు పెంచింది. "ఆవిణ్ణి లేపి పైకి తీసుకుపోండి! అమ్మో! అమ్మమ్మో!"

గురక మధ్యలో తెగిపోయింది. ఈల దాకా కూడా రాలేదు. అమ్మమ్మ ఒక కన్ను తెరిచి మనవరాలి వైపు చూసింది. దొర్లుతున్న పిడుగు కాస్త ఆగి, అటు తిరిగి కన్ను కొట్టి, మళ్ళీ దొర్లింది.

అమ్మమ్మ లేచి శాలువా సర్దుకుంది. "సరే పదండి. పిల్ల బాధ పడుతుంటే నేనెలా నిద్రపోతాను?" అని చిట్టి చెయ్యి పట్టుకుని, అందరికంటే ముందు గుమ్మంలోకి దూరింది.

వాళ్ళు లోపలికెళ్ళాక బాబాయి కంగారుగా వంగాడు. "ఎక్కడమ్మా నొప్పి?"

"ముందు ముక్కలు తీయి బాబాయ్. నేను రాణిని శాలువాలో దాచను."

బాబాయి గుమ్మం వైపు ఓసారి చూశాడు. తర్వాత జేబులోంచి పేక తీసి, ఇసుక మీద కూచుని పంచాడు.

పై నుంచి చిట్టి కేకలు వినబడ్డాయి. తలెత్తి చూస్తే, కటకటాల వెనక అందరూ చేతులూపుతున్నారు, ఒక్క శాలువా తప్ప. అది సముద్రం వైపు తిరిగి నిలబడిపోయింది. నాన్న అటు రమ్మని పిలిచినా, పిన్ని ఇటు రమ్మని లాగినా కదల్లేదు. గాలికి అంచు మాత్రం ఎగురుతోంది. కాపలాదారు గంట కొట్టాక, అందరి వెనకా దిగింది.

వ్యాను కదిలాక పిడుగు అడిగింది. "అమ్మమ్మా, ఎలా ఉంది?"

"మన డబ్బా మీద సముద్రం మూత అంచు దగ్గర ఆగిపోతుంది కదే" అంది అమ్మమ్మ. "దీనికి అంచే లేదు. ఓ పడవ వెళ్ళి వెళ్ళి ఆకాశంలోకి ఎక్కేసింది. కల కాదే. మేలుకునే ఉన్నాను."

ఆ మాటంటూనే మనవరాలి భుజం మీద తల వాల్చింది. దూదిలా, చప్పుడు లేకుండా, నిజంగానే నిద్రపోయింది.

కొంతదూరం వెళ్ళాక నాన్న చెవి రిక్కించాడు. "బండిలో ఏదో తేడాగా ఉంది. మోత రావట్లేదు. ఆపి చూడనా?"

ఆపితే కుదుపుకి అమ్మమ్మ లేచిపోతుంది. పిడుగు గబగబా శాలువా తన తల మీదికి లాక్కుని, గిన్నెలో గరిటె తిప్పి, బల్లని గచ్చు మీద ఈడ్చింది. ఈల మాత్రం దానికి చేతకాలేదు. అది వెనక సీట్లోంచి బాబాయి ఊదాడు.

"హమ్మయ్య, బాగానే ఉంది" అని నాన్న బండి వేగం పెంచాడు.