అద్దాల గదిలో అమ్మవారి చీర

మొన్న బరంపురం నుంచి చెల్లెలు వస్తోందంటే మా చిన్న స్టేషనుకు వెళ్లాను. ఈమధ్య దాన్ని బాగుచేశారు. కుళాయిలో నీళ్లు రావు గానీ, దాని వెనక గోడమీద బొమ్మల్లో చిలికా సరస్సు పక్షులు ఎగురుతుంటాయి. టికెట్ల గది పక్కన అద్దాల గదిలో ఒక మగ్గం, దాని ముందు తలపాగా చుట్టిన ప్లాస్టరు మనిషి. ఇద్దరమ్మాయిలు అతనితో సెల్ఫీ తీసుకుంటున్నారు. ఆ మనిషిని నేనెరగను గానీ, మగ్గం మాత్రం మా మేనమామది. ఇప్పించింది నేనే.

స్టేషను పని మొదలైనప్పుడు, ఊరి కళలు నలుగురికీ చూపించాలని ఒక కమిటీ వేశారు. అందులో కాలేజీ చదువు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. జరిగినదానికి అదొక్కటే కారణం కాకపోవచ్చు. అప్పటికే మా వీధిలో మగ్గాలన్నీ అటకెక్కాయి. మావయ్య గుంటమగ్గం ఒక్కటే ఆడుతుండేది. నేలలో మోకాటిలోతు గొయ్యి, అందులో కాళ్లు పెట్టి పలకలు తొక్కుతూ, ఆయన పేక దారం చుట్టిన నాడె అటూ ఇటూ విసిరేవాడు. గంజి వాసన, పట్టు వాసన, ఆయన నమిలే జర్దా వాసన కలిసి ఆ గదికొక వాసన. చిన్నప్పుడు వేసవి మధ్యాహ్నాలు ఆ గడపమీదే నిద్రపోయేవాణ్ణి. నాడె చప్పుడు ఆగితేనే మెలకువ వచ్చేది. బజారుకు ఎన్ని నేసినా, ఏడాదికొక చీర మాత్రం అమ్మకానికి కాదు. చైత్రంలో ఠాకురాణి జాతరకు అమ్మవారికి కట్టే మొదటి చీర ఆ ఇంటినుంచే వెళ్లాలి. పడుగు దారాలు మగ్గానికి ఎక్కించాక, ఆ చీర దిగేదాకా మగ్గం కదపకూడదు. మావయ్యకు వేరే గొప్పలేమీ లేవు గనక ఈ ఒక్కదాన్నీ జాగ్రత్తగా కాపాడుకునేవాడు.

స్టేషను కాంట్రాక్టరు మనిషి వచ్చి చూసేసరికి అమ్మవారి చీర సగంలో ఉంది. అతనికి అదే నచ్చింది. చీరతో సహా కావాలన్నాడు.

“సీర దిగనీరా. నెల్లాళ్లు ఆగితే మగ్గం పారిపోతాదేటి?” అన్నాడు మావయ్య.

“అక్కడే కూకుని నేద్దువు గాని మావా. జనం కూడా సూస్తారు. నాను మాటాడినాను,” అన్నాను.

“సదువుకున్నోడివి. నువ్ సెప్పినావంటే మరింకేటి,” అని లేచాడు.

అత్త గుమ్మంలోంచి, “సదువుకున్నోడనే నా బయం,” అంది.

ప్రారంభోత్సవం అయిన మర్నాడు మావయ్య స్నానం చేసి, నాడె పంచె కొంగులో కట్టుకుని వచ్చాడు. ఆయన చోట్లో అప్పటికే ప్లాస్టరు మనిషి కూర్చుని ఉన్నాడు. అది పెద్ద విషయం కాదు, పక్కకు జరపవచ్చు. కానీ కింద గొయ్యి లేదు. మగ్గానికి నాలుగు కాళ్లు తగిలించి, నున్నటి పలకరాళ్లమీద నిలబెట్టారు. తొక్కే పలకలు చూపుకు అడ్డమని కోసేశారు. మెరవాలని దారాలమీద వార్నిష్ పూశారు. మావయ్య చీరమీద వేలు పెట్టాడు. వేలు అంటుకుంది.

“గొయ్యి ఏదిరా?”

గొయ్యి సంగతి నేనెవరినీ అడగలేదు. దాని పక్కనే నిద్రపోతూ పెరిగినవాణ్ణి, అడగవలసినవాణ్ణి నేనే.

“రాళ్లు పగలగొట్టనివ్వరు మావా,” అన్నాను.

“పోనీ. ఆ బొమ్మోడినే ఉండనీ. ఆడికి కాళ్లు నొప్పెట్టవు,” అన్నాడు. మళ్లీ ఆ స్టేషనులో రైలెక్కలేదు.

అప్పటికి జాతరకు మూడు వారాలుంది. ఊరి పెద్దలు మరీ కంగారుపడలేదు. బరంపురం గేట్ బజార్లో ఒక షాపాయన సంతోషంగా చీర ఇచ్చాడు. మిషను నేత, అంచు చాలా సమంగా వచ్చింది. మావయ్య గుంపులో వెనక నిలబడి చూశాడు. అత్త నాతో, “బాగుందిరా సీర. నీ పెళ్లానికీ అలాటిదే కొను,” అంది. ఆ తర్వాత చాలాకాలం ఆ ఇంట్లో నాకు టీ ఇచ్చారు గానీ, కూర్చోమనలేదు.

ఈ ఏడు జాతర ముందు, ఎప్పటిలాగే తాంబూలం పట్టుకుని చీర అడగడానికి పెద్దలు వస్తారేమోనని మావయ్య పొద్దున్నుంచి అరుగుమీద కూర్చున్నాడు. వస్తే ఇవ్వడానికి ఆయన దగ్గర ఏమీ లేదు, అడిగితే చాలనుకున్నాడు. వాళ్లు డప్పులతో ఆ ఇంటిముందునుంచే వెళ్లారు. ఒకాయన నవ్వుతూ చెయ్యి ఊపాడు కూడా.

ఆ హక్కు ఆ ఇంటికి రావడానికి ఎన్ని తరాలు పట్టిందో ఎవరూ చెప్పలేరు. పోవడానికి రెండు జాతరలు పట్టింది. మొదటిసారి అందరూ అయ్యో అన్నారు; రెండోసారి ఎవరూ ఏమీ అనలేదు.