సాయం అనే మాట

ఈ రోజు మధ్యాహ్నం నా పాత విద్యార్థిని కోటేశ్వరి వాళ్ళ నాన్నను వెంటబెట్టుకుని మాచర్లలో మా ఇంటికి వచ్చింది. మేనేజ్‌మెంట్ కోర్సుకు దరఖాస్తు పెడుతోంది. దాంతోపాటు తన అనుభవం గురించి ఇంగ్లీషులో ఒక వ్యాసం టైపు కొట్టించి పంపాలట. ముందు తెలుగులో చిత్తు రాసుకుందామని, ఏది ముందు చెప్పాలో, ఏది వదిలేయాలో ఇద్దరం కూర్చుని ఆలోచించాం.

“నాపరాళ్ళ వ్యాపారంలో నాన్నకు సాయం చేస్తాను” అని మొదలుపెట్టింది. ఆయన కాలు రాయి కింద నలిగినప్పటి నుంచి కూలీలను పిలిచేది, లారీలు మాట్లాడేది, బేరం తెగ్గొట్టేది ఈ పిల్లే. ఊరందరికీ తెలుసు.

“సాయమేందే? నడుపుతోంది నువ్వు. అదే రాయి,” అంటూ ఆ మాట కొట్టేసి ‘నడుపుతున్నాను’ అని దిద్దాను.

తలుపు దగ్గర కుర్చీలో ఉన్న తండ్రి నవ్వబోయి ఆగాడు. “కాలు ఎటూ పోయింది మేడమ్ గారూ. కాగితం మీద కూడా నన్ను మూలన కూర్చోబెడతారా?”

“నువ్వు లేకుండా నేనేందిలే నాన్నా,” అంటూ కోటేశ్వరి నేను దిద్దింది కొట్టేసి, మళ్ళీ ‘సాయం’ అనే రాసింది.

ఎక్కడో పట్నంలో అది చదివేవాళ్ళు ఈమెను నాన్నకు అన్నం క్యారేజీ మోసే పిల్ల అనుకుంటారు. సీటు ఇంకెవరికో ఇస్తారు. అదే కొడుకైతే, “అంతా మావాడే చూసుకుంటన్నాడు” అని ఈయనే బజారంతా చెప్పుకునేవాడు కాదా? ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆ కాలు చూసి మింగేశాను. అది జాలో పిరికితనమో నాకు తేలడం లేదు. మీరైతే అనేసేవారా?