మా అమ్మమ్మ నాలుకా, ముందు సీటూ

మా ఊరి నది మా అమ్మమ్మని అడగకుండా ఒక్క అడుగు కూడా ముందుకు వెయ్యదు. గొప్పకి చెప్పడం లేదు. మా ఊరు మాంటెవీడియోలో పదమూడు లక్షల మంది ఉన్నారు. ఆదివారం పూట ఏ ఒడ్డున మునిగితే మంచిదో వాళ్లందరిలో తెలిసిన మనిషి ఒక్కతే, ఆవిడ పేరు జుల్మా. వాతావరణ శాఖ వాళ్లు మా గుమ్మం పక్కన నిలబడి ఆవిడ మాటలు విని రాసుకుపోతారని నాకు చాలాకాలంగా అనుమానం.

మా ఊరి ముందున్న నీళ్లని కాగితాల మీద నది అంటారు. అవతలి ఒడ్డు కనపడదు. ఎగువన వానలు పడితే పాలు కలిపిన కాఫీ రంగులో చప్పటి నీళ్లు దిగుతాయి. తూర్పుగాలి పట్టిందంటే సముద్రం లోపలికి తోసుకొచ్చి, ఆకుపచ్చగా, అడుగున కాలివేళ్లు లెక్కపెట్టుకునేంత తేటగా తయారవుతుంది. "ఉప్పగా ఉన్న రోజు సముద్రం, చప్పగా ఉన్న రోజు నది. నోట్లో పోసుకోకుండా దానికి పేరెలా పెడతారే?" అంటుంది అమ్మమ్మ. చప్పటి నీళ్లలోకి మోకాళ్లు దాటి దిగదు. ఎందుకని అడిగితే, "ఊరడానికి నేనేమన్నా చిక్కుడు గింజనా?" అంటుంది.

నీళ్లు ఉప్పగా ఉన్నాయో లేదో ఎవరి నాలుకైనా చెబుతుంది. ఆ ఉప్పు వస్తోందో పోతోందో చెప్పేది మాత్రం మా అమ్మమ్మ నాలుకే. ముప్పై ఒక్క ఏళ్లు చీజ్ ఫ్యాక్టరీలో ఉప్పునీళ్ల తొట్ల దగ్గర పనిచేసింది. ఉప్పు కొలిచే గాజు గొట్టం మేనేజరు జేబులో ఉండేదిట. ఆయన అది బయటికి తీసేలోపు అమ్మమ్మ వేలు ముంచి నాలుకకి రాసుకుని, "ఇంకో రెండు గుప్పిళ్లు" అనేసేదిట. గొట్టం కూడా అదే మాట చెప్పేదిట. ఈ కథ ఇంట్లో ఎన్నిసార్లు విన్నానంటే, ఆ మేనేజరు మీసం కూడా నాకు కళ్లకి కడుతుంది.

తాతయ్యకి నీళ్లంటే భయం. ఆయన బతికున్నన్నాళ్లూ ఒడ్డున టోపీ పెట్టుకుని అమ్మమ్మ చెప్పులకి కాపలా కూర్చున్నాడు. ఆవిడ మాత్రం డెబ్బై నాలుగేళ్ల వయసులో కూడా ఎర్ర లిప్‌స్టిక్కు వేసుకుని, అది చెరగకుండా బాతులా తల పైకెత్తి ఈదుతుంది.

మా లా ఉనియోన్ పేట ఊరి లోపలికి ఉంటుంది. ఒడ్డుకి నడిచి వెళ్లలేం. జనవరి మాకు ఎండాకాలం, స్కూళ్లకి సెలవులు కాబట్టి, పిల్లల్ని బడికి దింపే డ్రైవరు డార్విన్ వ్యాను ఆదివారాలు మా వీధిది అవుతుంది. పద్నాలుగు మందిమి, మడత కుర్చీలు, గొడుగులు, బ్రెడ్డు మధ్య పెట్టిన మాంసం వేపుడు, వేడినీళ్ల ఫ్లాస్కులు అన్నీ అందులోనే సర్దుకోవాలి. వ్యాను మొదట రమీరెస్ ఒడ్డున ఆగుతుంది. ఎవరూ దిగకూడదు. అమ్మమ్మ ఒక్కతే దిగి, మోకాలి లోతుకి వెళ్లి, ముందు పై నీళ్లు, తర్వాత పాదాల దగ్గరి నీళ్లు దోసిట్లో పట్టి రుచి చూస్తుంది. వెనక్కొచ్చి ఒక ఒడ్డు పేరు చెబుతుంది. డార్విన్ మారు మాట్లాడకుండా అక్కడికి పోనిస్తాడు. ఈ పనికి ఆవిడకి దక్కేది ముందు సీటు. కిటికీ పక్కన, గాలి తగిలే సీటు. దాని మీద ఆవిడ చేత్తో అల్లిన దిండు ఏడాది పొడుగునా అలాగే ఉంటుంది. బడికెళ్లే పిల్లలు కూడా దాని మీద కూర్చోరు.

ఆ సీటు మీద కన్నేసిన మనిషి ఆదెమార్. నాలుగేళ్ల కిందట మా వీధిలోకి వచ్చాడు. మాల్విన్ ఒడ్డున ముప్పై ఏళ్లు మునిగేవాళ్లని బయటికి లాగే ఉద్యోగం చేశాడు. భార్య పోయింది. మెడలో ఈల, చేతికి ఆమ్లెట్టంత వాచీ ఉంటాయి, రేడియో చంకలోంచి దిగదు.

"జెండా చూడాలి, గాలి చూడాలి, రేడియో వినాలి. నాలుకేంటి జుల్మా, నదేమైనా పులుసా?" అనేవాడు.

"ముప్పై ఏళ్లు ఒడ్డున ఎత్తు కుర్చీలో కూర్చున్నావు. నీళ్లు నీకు తెలిసేదెలా?" అనేది అమ్మమ్మ.

"నా మోకాలు వెనక సీట్లో మడత పడటం లేదు."

"అయితే విప్పి ఇంట్లో పెట్టిరా."

కిందటి క్రిస్మస్‌కి మా అమ్మా, ఇద్దరు పిన్నులూ కలిసి అమ్మమ్మకి పై వరస పళ్లు కట్టించారు. స్నానాలగది పలకల్లా తెల్లటి పళ్లు. వారం రోజులపాటు అమ్మమ్మ కనపడ్డ ప్రతివాడికీ నవ్వు పంచింది. కూరగాయల కొట్టువాడు అప్పిస్తానన్నా నవ్వింది, ఇవ్వనన్నా నవ్వింది. ఆదెమార్ అయితే గేటు దగ్గర ఆగి, "నువ్వు నవ్వితే లైట్‌హౌస్ తిరిగినట్టుంది జుల్మా," అన్నాడు. "చాల్లేవయ్యా," అని లోపలికొచ్చేసింది. చీపురు మర్చిపోయినట్టు మళ్లీ బయటికెళ్లి ఇంకోసారి నవ్వి వచ్చింది. చీపురు వంటింట్లోనే ఉంది, నేను చూశాను.

అప్పటినుంచి గది తలుపు గడియ పెడితే తప్ప ఆ పళ్లు నోట్లోంచి బయటికి రాలేదు. మా భోజనాలే పాడయ్యాయి. టమాటా గుజ్జులో ఉప్పు మూడింతలు పడుతోంది. "అమ్మమ్మా, ఇందులో ఈదొచ్చు," అన్నాను. "నీ నోరే చెడింది," అంది. నోరు చెడింది ఎవరిదో నాకు అప్పుడే తెలిసిపోయింది. ఆ కొత్త పళ్లకి గులాబీ రంగు అట్టలాంటిది ఒకటుంది, అది అంగిలినంతా కప్పేస్తుంది.

జనవరి మొదటి ఆదివారం రమీరెస్ దగ్గర రుచి చూసి "పొసీతోస్" అంది. వెళితే కాఫీ నీళ్లు. పిల్లలు బురదలో కోటలు కట్టుకున్నారు. రెండో ఆదివారం "సొలిమార్" అంది. అది ఊరు దాటి ఎంతో దూరం. అక్కడా కాఫీయే, పైగా నాచు. సాయంత్రం తిరిగొస్తూ రమీరెస్ పక్కగా పోయాం. ఆవిడ పొద్దున్న రుచి చూసిన చోటే నీళ్లు సీసాలా ఆకుపచ్చగా ఉన్నాయి, ఊరు ఊరంతా అందులో కేరింతలు కొడుతోంది. వ్యానులో ఆదెమార్ ఏదో పాట ఈల వేశాడు. అమ్మమ్మ కిటికీ అద్దం ఎక్కించేసుకుంది.

ఆ వారమంతా వీధిలో గుసగుసలే. శనివారం ఆదెమార్ బయటపడ్డాడు. "ఇంకొక్క ఆదివారం చూద్దాం. అదీ తప్పితే ముందు సీటు నాకూ, నా రేడియోకీ ఇచ్చెయ్యాలి." సరేనన్నవాళ్లు చేతులెత్తారు. డార్విన్ ఎత్తాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, మా అమ్మ కూడా సగం ఎత్తింది. అమ్మమ్మ ఇంట్లోకి పోయి, వెతికి వెతికి పాత దిండుగలీబు ఒకటి తీసింది. ఎందుకని అడిగితే, "ఆ దిండు తెచ్చుకోవాలి కదే," అంది. ఆ ఒక్కసారి నేను వెక్కిరించలేదు.

మూడో ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి రమీరెస్ ఒడ్డున ఆగాం. అమ్మమ్మ దిగకముందే ఆదెమార్ దిగి ప్రకటన చేశాడు: "మాల్విన్‌లో మావాడు ఫోన్ చేశాడు. అంతా బురదేనట. రేడియో కూడా తూర్పుకి పొమ్మంటోంది. ఊరికే చెబుతున్నా."

అమ్మమ్మ నీళ్లలోకి నడిచింది. తువ్వాలు పట్టుకుని వెనక నేను. పై నీళ్లు చప్పరించింది. వంగి పాదాల దగ్గరివి తీసి చప్పరించింది. మళ్లీ తీసింది. మొహంలో ఏమీ లేదు, ఖాళీ పళ్లెంలా ఉంది.

"పళ్లు తియ్యి అమ్మమ్మా," అన్నాను మెల్లిగా.

"నోర్ముయ్యి."

"అంగిట్లో పలక పెట్టుకుని రుచి చూస్తే ఏం తెలుస్తుంది?"

"వాడు చూస్తున్నాడే."

"ఎవడు?"

"నీ మొహం. అందరూ చూస్తున్నారు."

వెనక్కి తిరిగి వ్యాను వంక చూసింది. ముందు కిటికీలోంచి అల్లిక దిండు కనపడుతోంది. తర్వాత ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడ్డ ఆదెమార్ని చూసింది. ఈ రెండింటినీ మార్చి మార్చి ఎంతసేపు చూసిందంటే, వ్యానులో పిల్లలు అరవడం మొదలెట్టారు.

అప్పుడు గబగబా బయటికొచ్చి, తిన్నగా ఆదెమార్ ముందుకెళ్లి, అందరూ చూస్తుండగా పళ్లు ఊడదీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"పట్టుకో. పడేశావంటే చెయ్యి విరిచేస్తాను."

ఆయన చేతిలో పిచ్చుకపిల్లని పెట్టినట్టు కదలకుండా నిలబడ్డాడు. తర్వాత రెండో చేత్తో జేబు తడుముకుని, రుమాలు తీసి, దాన్ని జాగ్రత్తగా చుట్టాడు. ముప్పై ఏళ్లలో ఎంతమందిని కాపాడాడో గానీ, అంత జాగ్రత్త ఎవరి మీదా చూపించి ఉండడు.

అమ్మమ్మ మళ్లీ దిగింది. మొదటి గుక్క ఉమ్మేసింది. రెండోది నోట్లో నిలిపింది. మూడోది మింగేసి కళ్లు మూసుకుంది. మొహం నెమ్మదిగా వెలిగింది. వట్టి చిగుళ్లతో నవ్వింది.

"పైన చప్పన, కాళ్ల దగ్గర ఉప్పు. అడుగునుంచి పాక్కుంటూ వస్తోంది, దొంగముండ. మాల్విన్ పోనీ డార్విన్. పదకొండున్నరకి వస్తుంది."

"మాల్విన్ బురదని ఇప్పుడేగా ఫోన్‌లో చెప్పాడు!" అన్నాడు ఆదెమార్.

"నీ ఫోన్‌కి నాలుకుందా?"

మాల్విన్ వెళ్లేసరికి నిజంగానే బురద. ఆదెమార్ పాత నేస్తాలు ఎత్తు కుర్చీల మీంచి, "ఏంటన్నా, కాఫీకొచ్చారా?" అని కేకేశారు. గొడుగులు పాతుకుని కూర్చున్నాం. అమ్మమ్మ సొరబుర్రలో మాతే అనే టీ లాంటి ఆకు పోసి, వేడినీళ్లు పోసుకుని, గొట్టంతో పీలుస్తూ కూర్చుంది. పళ్లు లేకపోవడంతో బుగ్గలు లోపలికి పోయి, ఎండు ఖర్జూరంలా ఉంది. నీళ్ల వంక చూడలేదు. వాచీ మాత్రం ఆదెమార్ చేతికే ఉంది. ఆయన పావుగంటకోసారి టైము చదివాడు.

"పదకొండు."

"పదకొండుంపావు."

"పదకొండున్నర, జుల్మా."

ఏమీ రాలేదు. డార్విన్ తాళాలు గిరగిరా తిప్పడం మొదలెట్టాడు. మా అమ్మ ఇసకలో ఏదో పోగొట్టుకున్నట్టు వెతుకుతోంది. "దిండు తీసెయ్యనా పిన్నీ?" అన్నాడు డార్విన్. అమ్మమ్మ వినపడనట్టు గొట్టం పీలుస్తూనే ఉంది. కానీ సొరబుర్రలో నీళ్లు ఎప్పుడో అయిపోయాయి. గొట్టం గరగరమంటోంది.

పదకొండూ నలభైకి ఆదెమార్ ఇక ఆగలేక ప్యాంటు పైకి మడుచుకుని నీళ్లలోకి దిగాడు. "ఇదిగో, అందరూ చూడండి. ఇది వట్టి చప్పటి..." అని దోసిలి పట్టబోయి, "ఓరి దేవుడో!" అని ఎగిరాడు. కుంటుకుంటూ ఒక కాలెత్తాడు. పిక్క మీద ఎర్రటి చారలు, వాటికి అంటుకుని జిగురు తీగలు.

జెల్లీఫిష్. అది చప్పటి నీళ్లలోకి రాదు.

ఒక్క క్షణం వీధి వీధంతా నోరు తెరుచుకుని చూసింది. తర్వాత పిల్లలెవరో, "ఉప్పొచ్చింది!" అని అరిచారు. ఒడ్డుకి ఎదురుగా ఉన్న పక్షుల లంకకి ఇవతల ఆకుపచ్చటి చార ఒకటి కనపడింది. చూస్తుండగానే వెడల్పయింది. అందరూ గొడుగులు తన్నేసి నీళ్లలోకి పరిగెత్తారు. డార్విన్ తాళాలు కూడా పారేసి దూకాడు. మధ్యాహ్నం దాకా వాటికోసం వెతికాం, అది వేరే సంగతి.

ఎవరో తాగే నీళ్ల సీసా పట్టుకుని ఆదెమార్ దగ్గరికొచ్చారు.

"చప్పటి నీళ్లు పొయ్యకండ్రా, ఇంకా మండుతుంది!" అని అరిచింది అమ్మమ్మ. తనే ఉప్పునీళ్లు దోసిళ్లతో తెచ్చి, గొంతుక్కూర్చుని ఆయన పిక్క మీద పోసింది. ఆయన మూలుగుతూనే, జేబులోంచి రుమాలు మూట తీసి ఆకాశంలోకి ఎత్తి పట్టుకున్నాడు.

"పళ్లు తడవలేదు జుల్మా."

"తడిస్తే ఏమవుతుందయ్యా? అవి నోట్లో ఉండేవే కదా!"

ఆ మాటకి ఇద్దరూ నవ్వారు. అమ్మమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆ తర్వాత బోసినోటి మీద లిప్‌స్టిక్కు కొత్తగా దిద్దుకుని, రెండు గంటలు ఈదింది.

తిరుగు ప్రయాణంలో ముందు సీటు మాట ఎవరూ ఎత్తలేదు. అమ్మమ్మ దిండు సర్దుకుని కూర్చుంది. తర్వాత, వెనక ఉన్న మోకాలికి చోటు కావాలని, సీటు కాస్త ముందుకి జరపమని డార్విన్‌తో చెప్పింది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం రమీరెస్ దగ్గర అమ్మమ్మ దిగుతుంది, వెనకే ఆదెమార్ దిగి రుమాలు పట్టుకుని నిలబడతాడు. ఈమధ్య ఆ రుమాలు ఇస్త్రీ చేసి ఉంటోంది.

ఇదంతా రాసి నిన్న అమ్మమ్మకి చదివి వినిపించాను. చిక్కుడుకాయలు ఒలుస్తూ చివరిదాకా వింది. ఎలా ఉందని అడిగితే తలెత్తకుండానే అంది:

"ఉప్పు పదకొండున్నరకే వచ్చిందే. ఆదెమార్ వాచీ పది నిమిషాలు ముందు నడుస్తుంది. నా చిగుళ్లు రాశావు, చీపురు రాశావు, ఆ ఒక్క ముక్కా రాయలేదు. ఊరికేనా నువ్వు హైస్కూలు రెండో ఏడు పరీక్ష తప్పింది!"