తీగ తెగని మధ్యాహ్నం

రామంతాపూర్‌లో మోటార్లకు వైండింగ్ చేసే కొట్టొకటి ఉంది. కాలిపోయిన ఫ్యాను పట్టుకుని నిన్న అక్కడికి వెళ్లాను. వేడి వార్నిష్ వాసన ముక్కుకు తగలగానే పదిహేనేళ్ల కిందటి నాచారం ఫ్యాక్టరీ కళ్ల ముందుకొచ్చింది. అప్పటి మా స్టోర్‌కీపరు కూడా అక్కడే బెంచీ మీద ఉన్నాడు. అందరూ చెప్పే కథనే మళ్లీ చెప్పాడు. "మిషన్ రాంగనే యాదమ్మ భయపడి పారిపోయె గదమ్మా. సదువు లేనోళ్లకు మిషన్లంటే గంతే." ఆయనతో అక్కడే తగువు పెట్టుకున్నాను. యాదమ్మ భయపడలేదు. భయపడింది నేను.

బి.ఎస్సీ. పాసై, లాలాపేట నుంచి బస్సెక్కి ఆ ఫ్యాక్టరీలో తనిఖీ ఉద్యోగంలో చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మేం రేడియోల్లోకి వెళ్లే కాయిల్స్ తయారుచేసేవాళ్లం. వెంట్రుకంత రాగి తీగను పన్నెండు మంది ఆడవాళ్లు చేత్తో తిప్పే చక్రాల మీద చుట్టేవారు. ఉప్పల్ నుంచి నడిచి వచ్చే యాదమ్మ వాళ్లలో పెద్ద. మా అమ్మ వయసు మనిషిని నేను "నువ్వు" అనేదాన్ని, ఆమె లేచి నిలబడి జవాబు చెప్పేది. నాకు కుర్చీ, వాళ్లకు పీటలు. ఇందులో తప్పేమిటో అప్పట్లో నాకు తోచనే లేదు. తప్పులు పట్టాలంటే ముందు చుట్టడం రావాలని, మొదటి వారంలోనే ఆమె తన పీట నాకిచ్చింది. కూర్చున్నానో లేదో తీగ తెగింది.

"గట్ల గుంజకు బిడ్డా. తీగెకు నీ డిగ్రీ సంగతి ఎర్క లేదు," అంది. పక్కవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. కానీ నెల తిరిగేసరికి, తెగబోయే తీగ వేలి చివర ఎలా వణుకుతుందో నాకు తెలిసిపోయింది.

మరుసటేడు కరెంటు మిషన్ వచ్చింది. పన్నెండు మంది పనీ అదొక్కటే చేస్తుందన్నారు, నడపడానికి ఒక్కరు చాలన్నారు. నేను కాగితాలతో మేనేజరు గదిలో ఉండగా యాదమ్మ కొంగు నడుముకు దోపుకుని లోపలికి వచ్చింది.

"సార్, గది నేను నడుపుత."

"మెట్రిక్ పాసయ్యావా?"

"మిషన్ సర్టిఫికెట్ అడుగుతదా సార్?"

మేనేజరు నవ్వి నా వైపు తిరిగాడు. "రేపటి నుంచి మిషన్ మీ బాధ్యతమ్మా. శనివారానికల్లా సరిగా నడవకపోతే దాన్ని వెనక్కి పంపిస్తాను. మీ ఉద్యోగం సంగతీ ఆలోచించాల్సి వస్తుంది." నాన్న రిటైరైన మా ఇంట్లో ఉద్యోగమున్నది నాకొక్కదానికే.

మిషన్ మీద తీగ ఉండ సగం అయ్యేసరికి టప్పున తెగేది. తీగ నాసిరకమని వాదించాను, ఉత్తరం రాయించాను. ఇంజనీరు వేగం తగ్గించాడు. అయినా తెగింది. అవతల పీటల మీద ఆడవాళ్లు తలెత్తకుండా ఆ చప్పుడు వినేవారు. వాళ్లలో అంజమ్మ ఒక్కతే మనసులో మాట దాచుకోలేదు. "తెగనియ్యుండ్రి. అది తెగితెనే మన పొయ్యి మండుతది." మిషన్ నడిస్తే వాళ్లు రోడ్డున పడతారు, నడవకపోతే నేను.

శనివారం అన్నాల వేళ అందరూ బయట ఉండగా యాదమ్మ లోపలికి వచ్చింది. పరుగెత్తే తీగ కింద వేలు పెట్టి కాసేపు నిలబడింది. తర్వాత తీగను అదిమిపట్టే ఉన్ని బిళ్లల మీది స్క్రూ చూపించింది.

"ఉండ సన్నవడ్డకొద్ది తీగె బిగుసుకుంటది. మేమైతే వేలు వదులు జేస్తం. దీనికెవరు జెప్పాలె? సగం ఒడవంగనే గిది జర వదులు జెయ్యి."

చేశాను. ఉండ ఖాళీ అయ్యేదాకా తీగ తెగలేదు. రెండో ఉండలోనూ తెగలేదు. అప్పుడే మేనేజరు వచ్చాడు.

"శభాష్. చదువుకున్నవాళ్లు కావాలనేది ఇందుకే," అన్నాడు నాతో.

యాదమ్మ మిషన్ అవతలే ఉంది. వెళ్లిపోలేదు, నా ముఖంలోకే చూస్తోంది. బస్సు కండక్టరుతో, మేనమామలతో, ఆఖరికి పెళ్లిచూపులకు వచ్చినవాళ్లతో కూడా వాదించినదాన్ని, ఆ ఒక్క నిమిషం నోరు విప్పలేదు.

నెల తిరక్కుండా పన్నెండు మందినీ పంపించేశారు. చివరి రోజు యాదమ్మ నా దగ్గరికి వచ్చి, "బిళ్లలు అరిగినయ్, మార్పియ్యి," అని మాత్రం చెప్పి గేటు దాటింది. మూడేళ్ల తర్వాత ధైర్యం చేసి ఉప్పల్ వెళ్లాను. కూతురి దగ్గరికి పోయిందన్నారు. ఏ ఊరో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు అదే ఫ్యాక్టరీలో కాయిల్స్ సెక్షన్‌కు నేనే పెద్దను. కొత్త మిషన్ ఏది వచ్చినా, పాతవాళ్లను దాని ముందు కూర్చోబెట్టి వాళ్ల చేతిపని చూడందే ఎవరి నియామకం మీదా సంతకం పెట్టను. మొండిదంటారు. అననివ్వండి. కానీ తీగ తెగితేనే తన పొయ్యి మండుతుందని తెలిసిన మనిషి ఆ మధ్యాహ్నం ఎందుకు వచ్చినట్టు? పాడవుతున్న పని చూసి చెయ్యి ఊరుకోలేదనో, నా మీద జాలిపడిందనో చాలాకాలం సరిపెట్టుకున్నాను. అలాగైతే పని అయ్యాక ఎందుకు నిలబడింది? మేనేజరు ముందు నేను తన పేరు చెబుతానని, అప్పుడైనా ఆ మిషన్ తనకు దక్కుతుందని, నన్ను నమ్మే వచ్చిందా?