కంపెనీ తుపాకి మీద చేపల వ్యాపారి

మా కొట్లో పేరు లేకుండా గిన్నె గుమ్మం దాటదు. బరంపురంలో తరాలుగా ఇత్తడి, స్టీలు సామాన్ల వ్యాపారం మాది. పెళ్ళికి బిందె కొన్నా, గృహప్రవేశానికి గ్లాసులు కొన్నా, ఇచ్చేవాళ్ళ పేరు దాని మీద కొట్టించుకునే తీసుకెళ్తారు. ఆ పేర్లు కొట్టేది నేను. తెలుగు, ఒడియా అక్షరాలు రెండూ నాన్న దగ్గర నేర్చుకున్నాను. నాన్న పోయాక కొట్టు అన్నయ్యది, ఉలి నాది. ఎవరెవరి గొప్పలో చెక్కీ చెక్కీ నాకు విసుగెత్తిపోయింది.

అలాంటి రోజుల్లో రంభ అనే ఊరి నుంచి ఒక మాస్టారు వచ్చారు. పాత యుద్ధాలను ఆ కాలం దుస్తులతో, ఆయుధాలతో మైదానంలో ఆడి చూపించే బృందానికి ఆయన పెద్ద. ఈస్టిండియా కంపెనీ సిపాయిల తుపాకులకు కమ్మరి చేత నకళ్ళు చేయించారు, పేలనివి. వాటి మీద గుర్తులు నేను చెక్కాలట.

ఫొటోలు పరిచి ఆయన అన్నారు: "సూడమ్మా, తెల్లోల రాజుగారి సైన్యం తుపాకి మీదైతే కిరీటం, రాజు పేరులో అక్షరాలు ఉంటాయి. కంపెనీ దాని మీద సింహం ఎనక కాళ్ళ మీద నిలబడి, ముందు కాళ్ళతో కిరీటం పట్టుకోవాల. గుర్తు తప్పితే మా ఆటే తప్పు. ఇవి కుదిరితే ఇక మా తుపాకుల పనంతా నీకే."

ట్రిగ్గరు పైనుండే ఇనుప పలక మీద సింహాన్ని చెక్కాను. గొట్టం మొదట్లో, దాన్ని పరీక్షించాక వేసే చిన్న ముద్రలు కూడా ఫొటోలో ఉన్నట్టే దించాను. మొదటి తుపాకి పూర్తయిన రోజు అన్నం తినడం కూడా మరిచాను. అంత సంతోషం నా చేతులు ఎన్నడూ ఎరగవు.

ఆ తుపాకులు బృందానికి దానమిస్తున్నది రంభలో ఒక చేపల టోకు వ్యాపారి. ఆయన మా కొట్టుకి వచ్చి, గొట్టం మీద తన తండ్రి పేరు, కింద "జ్ఞాపకార్థం" అని కొట్టమన్నాడు. నేను కుదరదన్నాను. ఆయన వెళ్ళగానే అన్నయ్య నా మీద లేచాడు.

"ఇచ్చినోల పేరు నేకపోతే ఇచ్చినట్టు ఎవలికి తెలుస్తాదే?"

"అది బిందె కాదన్నా! ఆ కాలం సిపాయి సేతిలో మన రంభ సేపలాయన పేరు ఏటి?"

"సరుకు మన గుమ్మంలోంచి ఎల్తంది. పేరు ఉండాల. అంతే."

దున్నపోతు మీద వాన పడ్డట్టే. నేను పాత్రపూర్‌లో పెళ్ళికి వెళ్ళి వచ్చేసరికి, పేర్లు కొట్టే కరెంటు మిషను పెట్టి ప్రతి గొట్టం మీదా ఆ పేరు తనే కొట్టేశాడు. ఇంతింత లావు అక్షరాలు! నేను దించిన ముద్రలు వాటి కింద నలిగిపోయాయి. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రోజు నేనన్న మాటలు ఎత్తి వదిన ఇప్పటికీ దెప్పుతుంది. అందులో ఒక్క మాటా వెనక్కి తీసుకోను.

మాస్టారు వచ్చి ఒక తుపాకి ఎత్తి చూశారు. అరగదీస్తే పేరుతో పాటు ముద్రలూ పోతాయని నేను చెప్పనక్కర్లేకపోయింది.

"నీ సేతిలో లోపం నేదమ్మా," అన్నారు. "కానీ ఈ కొట్టుకి ఇంకేటీ ఇవ్వలేను."

మా అన్నయ్య వైపు చూడనైనా చూడకుండా, తుపాకులు అక్కడే వదిలేసి బస్సుకి వెళ్ళిపోయారు. నేను ఉలి విసిరికొట్టి, గిన్నెల అరల వెనక కూర్చుని ఏడ్చాను. దుఃఖంతో కాదు, కోపంతో.

సాయంత్రం అన్నయ్య ఒక తుపాకి, కరెంటు మిషను పట్టుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు. నా తల నిమిరాడు. ప్రేమగానే అన్నాడు:

"ఇందుకా ఏడుస్తన్నావు, పిచ్చిదానా? ముందే సెప్పొచ్చు గదా. ఇదిగో, సింహం పక్కన జాగా ఉంది. నీ పేరు కూడా కొట్టుకో."