అంజవ్వ అరుగు

నిజామాబాద్‌లో ఆ వాడకట్టున బీడీలు చుట్టే ఆడవాళ్ళు కూర్చోవాలంటే ఒకటే చోటు, అంజవ్వ అరుగు. ఇంటి పడమటి గోడ పొడవునా మట్టితో వేసిన అరుగు అది. ఏటా మృగశిర కార్తెకు ముందు అంజవ్వ చెరువు మన్ను తెప్పించి, దాన్ని మరో నాలుగు వేళ్ళెత్తు పెంచి పేడతో అలికేది. "అరుగు మంచిగుంటె గోడ మంచిగుంటది" అనేది. పెనిమిటి ముత్తన్న చెరుకు ఆడే కాలమంతా బోధన్ ఫ్యాక్టరీ పనిలోనే ఉండేవాడు కనుక ఇంటి మంచిచెడ్డలన్నీ ఆమెవే.

ఇంత చేసినా ఆ గోడకు చెమ్మ పట్టింది. 1958 వానల్లో లోపలి వైపు మోకాలెత్తు నల్లబడి, గోడ వారన పెట్టిన బీడీల తునికాకుకు బూజొచ్చింది. అంజవ్వ ఊరుకునే మనిషా? పక్కింటి సుమిత్రమ్మ ఇంట్లో స్నానాల నీళ్ళు తూములోంచి వచ్చి ఆ అరుగు పక్కనుంచే వీధి మోరీ కాలువలోకి పారేవి. తప్పంతా వాటిమీద వేసి, పదిమంది ముందు నిలదీసింది. "నీ మురికినీళ్ళు తాగి నా గోడ కుళ్ళుతున్నది" అంది. వాడకట్టు పెద్దలు గొడవెందుకని తూము మూసెయ్యమన్నారు. సుమిత్రమ్మ తూము మూసేసింది. మరునాటి నుంచి ఇంటిల్లిపాది స్నానం చేసిన నీళ్ళు గంగాళంలో పట్టి, బకెట్లకెత్తి, ఆ అరుగుకు దూరంగా వీధి మొగదాకా మోసుకుపోయి మోరీలో పారబోసేది.

గోడ ఆరిందా అంటే, ఆరలేదు. ఏటేటా చెమ్మ ఇంకా పైకెక్కింది. అడిగితే అంజవ్వ దగ్గర జవాబు సిద్ధం. "ఏండ్ల సంది తాగిన గోడ, ఊకె ఆరుతదా?" ఇంకో ఏడు, దొంగతనంగా పోస్తున్నదేమో అంది. గురివింద గింజ సంగతి పెద్దలు ఊరికే అన్నారా! ఎనిమిదేళ్ళు ఆ రెండిళ్ళ మధ్య మాటల్లేవు.

1966 ఎండాకాలానికి గోడ బయటికి ఉబ్బింది. వచ్చే వానలకు కూలుతుందని భయపడి అంజవ్వ, గోడలు పెట్టే కొమురయ్యను మాక్లూర్ నుంచి పిలిపించింది. అతను అటూ ఇటూ చూసి, గడ్డపారతో అరుగును ఓ మూల తవ్వాడు. మోకాలి లోతున గోడ కింద రాతికట్టు కనిపించింది.

"సూడక్కా, రాయి గీడిదాకనే ఉన్నది. మీద గోడంత మట్టిదే. రాయి బయటుంటె గోడకు తడి ఎక్కది. నువ్వు ఏటేట మన్ను పోసి రాయిని పాతిపెట్టినవు. గీ చెరువు మన్ను నీళ్ళు తాగిందంటె ఊకె ఇడువది. గోడ దాన్ని పట్టుకొని తాగుతున్నది."

"మరి పక్కింటి నీళ్ళు?"

"వాలంత మోరి దిక్కే ఉన్నది. గా నీళ్ళకు, నీ గోడకు సంబంధమే లేదు."

అంజవ్వకు తల కొట్టేసినట్టయింది. కొమురయ్యకు తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. అతను పని చేసుకుని పోతాడు. నోరు మూసుకుంటే సరిపోయేది. సరిపోతుందని ఒక గంటసేపు అనుకుంది కూడా. అంతలో సుమిత్రమ్మ నీళ్ళ బకెట్ పట్టుకుని, ఒకపక్కకు వంగిపోయి, గుంత ముందునుంచి నడిచిపోయింది. అంజవ్వ తట్టుకోలేక వెనకే వెళ్ళింది.

"అక్కా, తప్పు నాదే. నా అరుగే గోడను తిన్నది."

సుమిత్రమ్మ బకెట్ దించింది. "నాకెందుకు చెప్తున్నవు? నాది తప్పు గాదని నాకు ఎరుకే. అప్పుడు ఎవలకు చెప్పినవో వాళ్ళకు చెప్పు."

న్యాయమే. మధ్యాహ్నానికల్లా కొమురయ్య అరుగు సగం తవ్వేశాడు. బీడీల చాటలు పట్టుకుని వచ్చిన ఆడవాళ్ళకు కూర్చోవడానికి చోటు లేదు. తవ్విన గుంతలో నిలబడి అంజవ్వ వాళ్ళకు రాయి చూపించి, అంతా చెప్పింది. ఒకామె నవ్వింది. "అయితె ఎనిమిదేండ్లు ఉత్తగనే మోయించినవా?" అని మరొకామె అడిగింది.

"మోయించిన" అంది అంజవ్వ.

అరుగంతా తీసేసి, గోడ వారన నీళ్ళు నిలవనివ్వని మొరం పోసి, వాలు మోరీ వైపు పెట్టి, ఉబ్బిన చోట గోడ మళ్ళీ కట్టి కొమురయ్య వెళ్ళిపోయాడు. మూసిన తూమును అంజవ్వే తవ్వి తెరిచింది.

మరునాడు పొద్దున స్నానాలయ్యాక సుమిత్రమ్మ అలవాటు కొద్దీ గంగాళంలో నీళ్ళు బకెట్‌కెత్తి గడప దాటింది. సగం వీధి పోయాక గాని తూము తెరిచారన్న మాట గుర్తుకు రాలేదు. అక్కడే ఆగి, బకెట్ దించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గడపలో నిలబడ్డ అంజవ్వ అది చూసింది.